ఇరవై నాలుగో సూది

పరీక్షలన్నీ గట్టెక్కాయన్న కబురు మధ్యాహ్నం రెండింటికి మైకులో వినిపించేసరికి పిచ్చుక రెండు చేతుల్లోనూ బంగారు రేకు అంచు ఉంది. వదిలేస్తే రేకు ముడత పడుతుంది. వదలకపోతే చప్పట్లు కొట్టడం కుదరదు. అందుకని చేతులు కదపకుండా, కాలివేళ్ళ మీద లేచి, నిలుచున్న చోటే రెండుసార్లు గెంతింది.

"గెంతకే, దుమ్ము లేస్తుంది," అంది పిన్ని, ముక్కుకి కట్టుకున్న గుడ్డ వెనకనుంచి నవ్వుతూ.

అక్కడ దుమ్మెక్కడిది. తెల్ల హాలులోకి అడుగుపెట్టాలంటే తలనుంచి కాలిదాకా తెల్లటి తొడుగు వేసుకుని, గాలి జల్లు కింద నిలబడి, వెంట తెచ్చిన ప్రతి వస్తువునీ రిజిస్టరులో రాయించుకుని రావాలి. హాలు మధ్యలో, చక్రాల పీట మీద, బీరువా అంత ఉపగ్రహం నిలబడి ఉంది. తుఫాన్లని సముద్రంలో పుట్టకముందే పసిగట్టాల్సిన ఉపగ్రహం అది. ఒళ్ళంతా బంగారు రంగు దుప్పట్లు చుట్టుకుని తలవంచుకున్నట్టు ఉంటుందని అందరూ దాన్ని పెళ్ళికూతురు అంటారు. పిచ్చుకకి పెళ్ళయి మూడు వారాలే కాబట్టి ఈ మధ్య హాలులో పెళ్ళికూతురా అని పిలిస్తే ఎవరు పలకాలో తెలియడంలేదు.

ఆ దుప్పట్లు కుట్టింది వీళ్ళిద్దరే. జల్లెడలాంటి వలగుడ్డ మధ్య మధ్యలో వేస్తూ పన్నెండు పొరల పలచటి రేకు. అంతరిక్షంలో ఎండపడ్డ వైపు మాడిపోకుండా, నీడపడ్డ వైపు గడ్డకట్టిపోకుండా కాపాడేది అదే. మిషను మీద కుడితే రేకు చిరుగుతుంది. అంగుళం అంగుళం చేత్తోనే కుట్టాలి. పిన్ని ఇరవయ్యేళ్ళు ఇదే కంపెనీలో, పక్కనున్న విమానాల షెడ్డులో సీట్లకి తొడుగులు కుట్టింది. తిన్నగా పడే ఆ కుట్టు చూసి ఇటు తెచ్చారు. ఇప్పటికీ కాంట్రాక్టు మనిషే. పిచ్చుక డిగ్రీ చదువుకుని పరీక్ష రాసి పర్మనెంటు ఉద్యోగంలో చేరింది. సూది పట్టడం మాత్రం పిన్ని దగ్గరే నేర్చుకుంది. పిచ్చుక అన్న పేరు పెట్టింది కూడా పిన్నే. "దీని నోరు మూతపడాలంటే కరెంటు పోవాలి," అని మొదటిరోజే తేల్చేసింది.

మైకు మళ్ళీ గరగరలాడింది. ఉపగ్రహంతోపాటు ప్రయోగకేంద్రానికి వెళ్ళే నలుగురి పేర్లు చదివారు. మూడోది పిచ్చుకది.

ఈసారి పిన్నే రేకు అందుకుంది. "గెంతు, ఇక గెంతు."

ఎందుకంటే సంగతి అక్కడితో అయిపోలేదు. ఉపగ్రహాన్ని ఎల్లుండి కంపెనీ సొంత సరుకుల విమానంలో పంపిస్తారు. ఆ విమానంతో వెళ్ళే ఇద్దరు మెకానిక్కుల్లో పిచ్చుక భర్త ఒకడు.

"కంపెనీ ఖర్చుతో హనీమూను," అంది పిన్ని. "మా రోజుల్లో సినిమా టికెట్టుకే ఇంట్లో గొడవ."

"నువ్వూ వస్తే బాగుండు పిన్నీ."

"నాకెందుకే విమానం. ఇరవయ్యేళ్ళలో ఎన్ని వేల సీట్లకి తొడుగులు వేశానో. అన్నిటి మీదా కూర్చుని చూశాను. ఒక్కటీ ఎగరలేదు."

ఆ నవ్వు ఇంకా గాల్లో ఉండగానే భూతద్దం సారు లోపలికొచ్చాడు. తనిఖీ అధికారి. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంటుంది, ఆ పేరు అలా వచ్చింది. ఉపగ్రహాన్ని డబ్బాలో పెట్టేముందు హాలులోని ప్రతి పనిముట్టునీ లెక్క తేల్చడం ఆయన పని. స్పానర్లయ్యాయి, కత్తెరలయ్యాయి. ఆఖరున సూదుల పెట్టె.

కుట్టుపని ముగిసిన రోజున మూసి సీలు వేసిన పెట్టె అది. లోపల మెత్త, మెత్తలో వరసకి ఆరు చొప్పున నాలుగు వరసల సూదులు. ఆయన సీలు తెంచి, చిన్న పట్టకారుతో ఒక్కొక్క సూదినీ తాకుతూ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి పైకి లెక్కపెట్టాడు.

"ఇరవై మూడు."

గాలి వడపోసే యంత్రం హోరు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది.

భూతద్దం సారు రిజిస్టరు తెరిచాడు. కుట్టుపని ఆఖరిరోజున: ఇరవై నాలుగు, పిచ్చుక సంతకం, కింద పిన్ని సంతకం. ఆ తర్వాత ఎనిమిది రోజులకి, పిచ్చుక పెళ్ళి సెలవులో ఉండగా, ఒకే ఒక్క నమోదు. పరీక్షల్లో ఒక దుప్పటి అంచు చిరిగితే సవరించినట్టు, పిన్ని దస్తూరీలో: ఒక సూది తీశాను, ఒక సూది పెట్టాను. చిన్న పనికి పెట్టె అంతా లెక్కపెట్టే ఆనవాయితీ లేదు. తీసింది రాస్తారు, పెట్టింది రాస్తారు, సీలు వేస్తారు.

"ఒకటి తీశారా, రెండు తీశారా?" అన్నాడు.

"ఒకటే సార్. ఒకటే తీశాను, దాన్నే పెట్టాను."

"పైన రెండు సంతకాలున్నాయి. కాబట్టి ఆ అంకె గురించి నేనడగను. ఒక్క సంతకం ఉన్నచోటే అడుగుతాను." పిన్ని సంతకం పక్కన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టాడు. "కళ్ళజోడు ఎప్పుడు మార్చారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పిచ్చుక చెయ్యి దానంతటదే వెళ్ళి రెండో చేతి తొడుగుని సవరించుకుంది.

ఆ పైనున్న అంకె ఆమెదే. ఆ సాయంత్రం వాన. గేటు దగ్గర గొడుగు పట్టుకుని కాబోయే భర్త నిలబడి ఉన్నాడు. ఎల్లుండే పెళ్ళి. పిన్ని మిగిలిన రేకు చుట్టి పెడుతోంది. ఒకరు లెక్కపెట్టి అంకె రాయాలి, రెండోవాళ్ళు మళ్ళీ లెక్కపెట్టి సంతకం చెయ్యాలి, అదీ పద్ధతి. అప్పటికి అరవై రోజులుగా ప్రతి సాయంత్రం ఆ గడిలో ఇరవై నాలుగే. పెట్టె వైపు చూసింది, నాలుగు వరసలు కనిపించాయి, ఇరవై నాలుగు అని రాసి, సంతకం చేసి, తొడుగు విప్పుకుంటూ పరిగెత్తింది. లెక్కపెట్టలేదు.

బట్టలు మార్చుకునే గదిలో పిన్ని తన తొడుగుని మామూలుకన్నా నెమ్మదిగా మడతపెట్టింది. చేతుల మీద చేతులు, వాటి మీద టోపీ. పిచ్చుక పక్క బెంచీ మీద కూర్చుని చెప్పులు వెతుకుతోంది. చెప్పులు కాళ్ళ ముందే ఉన్నాయి.

"ఆ రోజు నువ్వు లెక్కపెట్టావు కదమ్మా?"

పిన్ని గొంతులో అనుమానం ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది. అనుమానం లేదు. వంట చేసేటప్పుడు ఉప్పు వేశావు కదా అని అడిగినట్టే అడిగింది.

"పెట్టాను పిన్నీ."

"అయితే నేనే ఎక్కడో పారేశాను," అంది పిన్ని. తన కుడిచెయ్యి బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరగా తెచ్చి, ఏదో పట్టుకున్నట్టు పట్టి, తేరిపార చూసుకుంది. "ఒకటే తీశాననుకున్నాను. రెండు అంటుకుని వచ్చాయేమో."

ఇంటికి వెళ్ళే దారంతా భర్త స్కూటరు మీద పాడుతూనే ఉన్నాడు. మధ్యలో ఆగి ఒక పెద్ద పెట్టె కొన్నాడు. రెండు కొందామంటే వినలేదు. "ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో సర్దుకోవడం కోసమే కదా పెళ్ళి చేసుకున్నది," అన్నాడు కొట్టువాడి ముందే. కొట్టువాడు తల పక్కకి తిప్పుకుని నవ్వాడు. ఇంకోరోజైతే పిచ్చుక ఆ మాటని వారం రోజులు దాచుకుని దాచుకుని తినేది. ఈరోజు పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, స్కూటరు వెనక, దాని తాళాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చుంది.

మర్నాడు గేటు దగ్గర పిన్ని పాసు తీసేసుకున్నారు. హాలు బయట వరండాలో బెంచీ వేసి, మూడు వారాలుగా నేల ఊడ్చిన యంత్రం తాలూకు దుమ్ముసంచులు ఆమె ముందు పోశారు. చేతికొక అయస్కాంతం ఇచ్చారు. ఆమె ఒక్కొక్క సంచి కత్తిరించి, బూడిదరంగు దుమ్ముని కాగితం మీద పలచగా పరిచి, అయస్కాంతాన్ని పైనుంచి వరసలు వరసలుగా నడిపింది, కుట్టు వేసినంత తిన్నగా.

లోపల, పిన్ని సవరించిన దుప్పటిని విప్పించారు. విప్పింది పిచ్చుకే. అంచు కింద వేలు పెట్టి బొత్తాములాంటి బిళ్ళలని ఒక్కొక్కటే ఊడదీస్తుంటే పిన్ని సవరణ కుట్టు కనిపించింది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియనంత సన్నం. దుప్పటి ఎక్స్‌రే గదికి వెళ్ళొచ్చింది. ఏమీ లేదు.

"మిగతావి కూడా చూద్దామా సార్?" అంది పిచ్చుక.

"ఎందుకు? అవన్నీ ఇరవై నాలుగు సరిపోయిన రోజుకి ముందువి," అన్నాడు భూతద్దం సారు. "రేపు పొద్దున దాకా చూస్తాను. దొరక్కపోతే, హాలు బయట పోయినట్టు, కుట్టేమనిషి అజాగ్రత్త అని రాసి మూసేస్తాను. కాంట్రాక్టు రద్దవుతుంది, విమానం దగ్గరికి లారీ కదులుతుంది."

అంటే ఆ అంకె పిన్ని మీద సాక్ష్యం ఒక్కటే చెప్పడంలేదు. వెతకాల్సిన చోటికి అడ్డంగా కూడా నిలబడింది. పిచ్చుకకి అది అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆమె పెదాలు కదల్లేదు. లెక్కపెట్టినా ఇరవై నాలుగే ఉండేవేమో, అప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం, అని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ ఆ మాట కొంచెం పలచబడింది.

భోజనాలవేళ పిన్ని పక్కన కూర్చుంది. పిన్ని గోళ్ళనిండా దుమ్ము.

"పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను," అంది పిన్ని డబ్బా మూత తీస్తూ. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అయితే బుర్రే అయ్యుంటుంది. దానికి కళ్ళజోళ్ళమ్మరుగా."

పిచ్చుక నవ్వలేదు. పిన్ని ఆమె డబ్బాలోకి తొంగిచూసి, "తినవే. నీ ప్రయాణం ఆగదులే," అంది.

ఆ సాయంత్రం కొత్త పెట్టెలో ఒకవైపు అతని బట్టలూ ఒకవైపు తన బట్టలూ సర్దుతూ, ఒక చీరని మూడోసారి మడిచాక, చెప్పేసింది. "నేను ఆ రోజు లెక్కపెట్టలేదండీ."

అతను పెట్టె పక్కనే నేలమీద కూర్చున్నాడు. "లెక్కపెట్టినా సరిపోయేవేమో," అన్నాడు చివరికి.

తను రోజంతా చెప్పుకున్న మాటే. ఇంకొకరి నోట వింటే అదెంత బోలుగా ఉందో తెలిసింది. అతనికి కూడా తెలిసినట్టుంది. పెట్టె మూత వెయ్యకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మూడోరోజు పొద్దున అతని యూనిఫాం చొక్కాకి బొత్తాం ఊడింది. పెళ్ళయ్యాక అతనికి కుట్టిపెడుతున్న మొదటి బొత్తాం. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఒళ్ళో పడుతోంది. నాలుగు రంధ్రాల బొత్తాం, అడ్డంగా రెండు, నిలువుగా రెండు. అతను బనీనుతో నిలబడి, టైమవుతోంది అని గడియారం చూపిస్తూ, నిజానికి ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. రెండు రోజుల తర్వాత ఆమెకి కాస్త ఊపిరాడింది.

స్టవ్వు మీద పాలు బుస్సుమన్నాయి.

ఆమె ఒక్క ఉదుటున లేచింది. స్టవ్వు కట్టేసి, గిన్నె దించి, గట్టు తుడిచి, వెనక్కి వచ్చింది. అతను చొక్కా అందుకుని చెయ్యి దూర్చబోతున్నాడు.

"అబ్బా," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చూపుడువేలి చివర ఎర్రటి చుక్క. "సూది ఎక్కడ పెట్టావు?"

"బల్ల మీద పెట్టానే."

బల్ల మీద లేదు. చొక్కా అంచు మడతలో ఉంది. లోపలివైపు, దారంతో సహా, తల కూడా కనపడకుండా, చక్కగా గుచ్చి ఉంది.

పిచ్చుక ఆ చొక్కాని చేతుల్లోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకి గుచ్చిన జ్ఞాపకం లేదు. చెయ్యి చేసిన పని. పిన్ని సీట్ల తొడుగులు కుట్టిన కాలం నాటి అలవాటు అది. లేవాల్సొస్తే సూదిని గుడ్డ అంచులో గుచ్చి లేస్తుంది. తెల్ల హాలులో అలా చెయ్యకూడదని పిన్ని తన చేతికి నెలలపాటు నేర్పుకుంది. పిచ్చుక మాత్రం నేర్చుకునే తొలిరోజుల్లో, పిన్ని చేతిని చూసి, కుట్టుతోపాటు అలవాటునీ పట్టేసింది.

కుట్టుపని ఆఖరిరోజు. బ్యాటరీల మీద కప్పే వెనక దుప్పటి. హాలు అద్దం బయట షెడ్డువాళ్ళు నలుగురైదుగురు వచ్చి, పెళ్ళికూతురికి శుభాకాంక్షలు అని రాసిన అట్టముక్క ఎత్తి పట్టుకున్నారు. అద్దం మీద టకటకమని కొట్టారు. తను లేచి వాళ్ళకి చెయ్యి ఊపింది.

ఒక చెయ్యి కాదు. రెండు చేతులూ ఊపింది.

"ఏమైంది?" అన్నాడు అతను.

"నా దుప్పట్లో ఉంది," అంది. "వెనకవైపు. ఈపాటికి లారీ వచ్చేసి ఉంటుంది."

అతను సూది లాగేసి, బొత్తాం సగం వేలాడుతున్న చొక్కానే తొడుక్కున్నాడు. "మా షెడ్డులో చిన్న స్క్రూడ్రైవరు కనపడకపోయినా విమానం కదలనివ్వం," అన్నాడు స్కూటరు తాళాలు తీస్తూ. "నిన్న నేనన్న మాట అనకుండా ఉండాల్సింది. ఎక్కు."

పెద్ద మేడమ్ ఈ ఉపగ్రహం పని మొత్తానికి అధికారి. ఆమె గది తలుపు తెరిచే ఉంది. బల్లకి అటువైపు భూతద్దం సారు ఆఖరి కాగితం ముందుకు తోస్తున్నాడు, ఆమె పెన్ను మూత తీస్తోంది.

"మేడమ్, ఆ ఇరవై నాలుగు నేను లెక్కపెట్టకుండా రాశాను," అంది పిచ్చుక గుమ్మంలోంచే. లోపలికి వచ్చాక చెబుదామనుకుంటే రాలేనేమోనని భయం. "సూది వెనక దుప్పటి అంచులో ఉంది. నేనే గుచ్చాను."

మేడమ్ పెన్నుకి మూత పెట్టింది. "ఎప్పుడు తెలిసింది?"

"ఎక్కడుందో ఇవాళ పొద్దున తెలిసింది. లెక్కపెట్టలేదని... మొన్నటినుంచీ తెలుసు."

"మొన్ననే చెప్పుంటే ఈపాటికి దొరికి ఉండేది."

"అవును మేడమ్."

"మొన్న చెప్పుంటే, ఆవిడ రెండు రోజులు బెంచీ మీద కూర్చునేది కాదు."



ఆ దుప్పటి విప్పడానికి ఆమెని లోపలికి వెళ్ళనివ్వలేదు. పాసు బల్ల మీద పెట్టించుకున్నారు. వరండాలో దుమ్ముసంచుల ముందున్న పిన్నిని పిలిచి, ఆమె పాసు ఆమెకి ఇచ్చారు. ఎందుకో భూతద్దం సారే చెప్పాడు. పిన్ని విని, చేతులు కడుక్కుని, తొడుగు వేసుకుని, పిచ్చుక ముందునుంచే లోపలికి వెళ్ళింది. తల తిప్పలేదు.

ఆ రోజు అట్టముక్క పట్టుకుని నవ్విన వాళ్ళు నిలబడిన చోటే, అద్దం ఇవతల, పిచ్చుక నిలబడింది. అవతల పిన్ని బిళ్ళలు ఊడదీసి, దుప్పటిని పసిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తి, బల్ల మీద బోర్లా పరిచింది. వేలిని అంచు వెంట నడిపించింది. ఒక మూల, రెండో మూల. ఎక్స్‌రే కూడా అడగలేదు. మూడో మూల దాటాక వేలు ఆగింది. భూతద్దం సారు ఒంగాడు. పిన్ని రెండు వేళ్ళతో మడతని విడదీసి మెల్లిగా లాగింది.

సన్నటి మెరుపు ఒకటి బయటికొచ్చింది, వెనకే మూడంగుళాల దారం.

పిన్ని దాన్ని మెత్తలో గుచ్చి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గుడ్డ వెనక పెదాలు కదులుతున్నాయి. ఒకసారి అయ్యింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. అప్పుడు తలెత్తి అద్దంవైపు చూసింది. నవ్వలేదు. కోపంగానూ చూడలేదు. తన కళ్ళు తనకి తిరిగొచ్చాక మనిషి ఎలా చూస్తుందో అలా చూసింది.

సూది కింది పొరలో చిన్న చిల్లు పడింది. ఆ దుప్పటి పనికిరాదు, కొత్తది కుట్టాలి, ఒకటిన్నర రోజు పని. లారీని వెనక్కి పంపారు. మధ్యాహ్నానికి కాగితాలు తయారయ్యాయి. పిచ్చుకకి తెల్ల హాలు మూడు నెలలు బంద్. అంతవరకూ విమానాల షెడ్డులో సీట్ల తొడుగులు. ప్రయాణం జాబితాలో మూడో పేరు కొట్టేశారు. దుప్పటి అక్కడ చిరిగితే సవరించడానికి కుట్టేమనిషి తప్పనిసరి కాబట్టి, కొట్టేసిన పేరు మీదే మేడమ్ పిన్ని పేరు రాసింది.

"నా పేరు కూడా తప్పు చేసినవాళ్ళలో రాయండి," అంది పిన్ని, అడగకుండానే. "అమ్మాయి అంకె వేసిందని నేనూ లెక్కపెట్టకుండా సంతకం పెట్టాను. నేను లెక్కపెట్టి ఉంటే ఆ సాయంత్రమే దొరికేది."

భూతద్దం సారు తన రిజిస్టరు వైపు, అందులోని రెండు సంతకాల వైపు చాలాసేపు చూశాడు. మెడలోని భూతద్దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. "నేనూ ఆ అంకెని అడగలేదు," అని గొణిగాడు.

సాయంత్రం పిచ్చుక గేటు దగ్గర భర్త కోసం నిలబడి ఉంటే పిన్ని వచ్చి పక్కన నిలుచుంది.

"నన్ను నేనే నమ్మడం మానేశానే," అంది పిన్ని. "రెండు రోజులు. ఇంట్లో స్టవ్వు కట్టేశానో లేదో నాలుగుసార్లు లేచి చూశాను. దానికి నీ మీద కోపం ఉంది. ఇంకొన్నాళ్ళుంటుంది. పోగొట్టాలని చూడకు, దానంతటదే పోవాలి."

"సరే పిన్నీ."

"కిచకిచమనకుండా సరే అన్నావు. అదీ చాల్లే." పిన్ని సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలి? బెల్టు చుట్టూ గుడ్డ ఎలా కుట్టాలో తెలుసు. పెట్టుకోవడం తెలీదు."

"ఆయన చూపిస్తారు."

అప్పుడే స్కూటరు వచ్చి ఆగింది. చొక్కా బొత్తాం ఇంకా దారం మీదే వేలాడుతోంది. షెడ్డుదాకా అన్ని కబుర్లూ చేరినట్టున్నాయి. "అయితే పిన్నిగారూ, నేను హనీమూనుకి మీతో వెళ్తున్నానన్నమాట," అన్నాడు.

"నోర్ముయ్యవయ్యా," అంది పిన్ని. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె పెదవి చివర కాస్త నవ్వు మెదిలింది. "నాకసలు పెట్టె కూడా లేదు."

"మా ఇంట్లో కొత్తది ఉంది," అంది పిచ్చుక. "నా బట్టలు తీసేస్తే సగం ఖాళీ."

పిన్ని బస్సుస్టాపు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"రేపు కొత్త దుప్పటి మొదలుపెడతాను. ఇకనుంచి సూదుల పెట్టె హాలు బయటి గదిలోనే తెరుస్తారట, అక్కడికి నువ్వు రావచ్చట. మేడమ్‌ని అడిగాను. పొద్దున ఏడింటికల్లా అక్కడుండు. ముందు నువ్వు పైకి లెక్కపెట్టు, నేను వింటాను. తర్వాత నేను పెడతాను, నువ్వు విను. ఆ తర్వాతే పెన్ను తీద్దాం."